రంగు తక్కువని నీకు చెప్పినదెవరు?



ఈస్టరు పండుగ దాటగానే మన సంఘాలలో పెళ్ళిళ్ళ కాలం మొదలవుతుంది. ప్రధానం, పెళ్ళి ప్రకటనలు, తెల్ల చీర, బ్యాండు, భోజనాలు. ఈ ఖర్చులు మన తల్లిదండ్రులకు కొత్త కాదు. కానీ కొన్నేళ్ళుగా ఈ లెక్కలోకి ఇంకో పద్దు వచ్చి చేరింది. బెంగుళూరులోనైనా బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా చెన్నైలోనైనా పార్లర్ల ముందు బోర్డులు చూడండి. పెళ్ళికూతురి ప్యాకేజీలో ఫేషియల్, బ్లీచ్, డీ-ట్యాన్‌ల పక్కన ‘స్కిన్ పాలిషింగ్’ అనో, ‘మైక్రోడెర్మాబ్రేషన్’ అనో రాసి ఉంటుంది. ఒక్క సిట్టింగుతో సరిపోదు, నాలుగో ఆరో తీసుకోవాలంటారు. కూలి చేసుకునే ఇంట్లో, నెల జీతం మీద బతికే ఇంట్లో ఆ డబ్బు చిన్నది కాదు.

పార్లర్‌కు వెళ్ళడం పాపమా కాదా అని తేల్చడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ముఖం శుభ్రంగా, కళగా ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు. మొటిమల మచ్చల కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళడం అసలే తప్పు కాదు. మేము అడుగుతున్న ప్రశ్న వేరు. మన పిల్లలు ఆ కుర్చీలో కూర్చుంటున్నది చర్మం బాగు కోసమా, లేక ఎవరో “రంగు తక్కువ” అన్నందుకా? రెండోదే అయితే ఆ యంత్రం వారికి ఏ సహాయమూ చేయలేదు. అక్కడ మారవలసినది ఆ మాట అన్న నోరు. ఆ నోరు చాలాసార్లు మన సంఘంలోనే, మన పక్క వరుసలోనే కూర్చుని కీర్తన పాడుతూ ఉంటుంది.

ఆ యంత్రం ఏం చేస్తుంది, ఏం చేయదు

ముందు సంగతి తెలుసుకుందాం. తెలియకపోవడం వల్లే మన పిల్లలు మోసపోతున్నారు.

మైక్రోడెర్మాబ్రేషన్ 1985లో ఇటలీలో రూపొందిన పద్ధతి. సన్నని గొట్టం గుండా అల్యూమినియం ఆక్సైడ్ పలుకులను చర్మం మీదికి చిమ్మి, రాలిన పొట్టుతో సహా వాటిని వెంటనే లోపలికి లాగేసుకునే యంత్రం అది. తర్వాత పలుకులు లేకుండా వజ్రపు పొడి అద్దిన కొనతో రుద్దే యంత్రాలు వచ్చాయి. వాటినే పార్లర్లలో డైమండ్ పీల్ అంటున్నారు. వడ్రంగి గరుకు కాగితంతో చెక్కను నునుపు చేసినట్టే ఈ పని కూడా.

ఆ రుద్దుడు ఎంత లోతుకు పోతుంది? మన చర్మానికి అన్నిటికంటే పైన చనిపోయిన కణాల పొర ఒకటి ఉంటుంది. ముఖం మీద దాని మందం మిల్లీమీటరులో సుమారు వందో వంతు నుండి యాభైయో వంతు. ఈ యంత్రం ముట్టుకునేది దాదాపుగా ఆ పొరనే. అది పోగానే ముఖం తాకితే నున్నగా, చూస్తే కాస్త నిగనిగలాడుతూ ఉంటుంది. గరుకుదనం, సన్నని గీతలు, పైపైన ఉన్న మచ్చలు కొంత తగ్గవచ్చు. ఇది అబద్ధం కాదు. కానీ చర్మం సుమారు నాలుగు వారాలకొకసారి తన పై పొరను తానే మార్చుకుంటూ ఉంటుంది. కాబట్టి ఆ నిగనిగ నిలిచేది కొద్ది రోజులే. లోతుగా పడిన మొటిమల గుంటలకు, మంగు మచ్చలకు ఇది సరైన మందు కాదు. డెర్మాబ్రేషన్ అని ఇంకొకటి ఉంది. అది బాగా లోతుకు వెళ్ళే చికిత్స, మత్తు ఇచ్చి డాక్టరు చేయవలసినది. పేర్లు దగ్గరగా ఉన్నాయని రెండూ ఒకటే అనుకోకండి.

ఇక రంగు సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారు చేసే కణాలు బయటి చర్మానికి అడుగు వరుసలో ఉంటాయి. తెల్లవారికైనా మనకైనా ఆ కణాల సంఖ్య దాదాపు ఒకటే. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్న దాంట్లోనే తేడా. పైన చనిపోయిన పొట్టు రుద్దేస్తే అడుగున ఉన్న ఆ కణాలు తమ పని మానుకోవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలనుండి మనల్ని కాపాడడానికి దేవుడు పెట్టిన గొడుగు అది. అందుచేత ఎన్ని సిట్టింగులు తీసుకున్నా నల్లనివారు తెల్లబడరు. “పెళ్ళినాటికి రెండు షేడ్లు తేలుతుంది” అని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీ అబద్ధం.

ఇంకో మాట కూడా వినండి. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో దాన్నిబట్టి 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు ఒక వర్గీకరణ చేశారు. ఇప్పుడు దానిలో 6 తరగతులున్నాయి. మన దేశంలో ఎక్కువమంది 4, 5 తరగతులలోకి వస్తారు. ఈ చర్మానికి ఒక స్వభావం ఉంది. గాయమైనా, మంట పుట్టినా, గట్టిగా రుద్దినా ఆ చోట మెలనిన్ ఎక్కువగా చేరి నల్లని మచ్చ పడుతుంది. దోమకాటు మచ్చ నెలల తరబడి ఉండిపోవడం మనలో చాలామందికి తెలిసినదే. కనుక అనుభవం లేని చేయి గట్టిగా రుద్దితే, తెల్లబడాలని వెళ్ళిన ముఖం మచ్చలతో తిరిగి వస్తుంది. చీము మొటిమలు ఉన్నప్పుడు, పెదవి పక్కన నీటి పొక్కులు ఉన్నప్పుడు, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నప్పుడు డాక్టరును అడగకుండా ఇది చేయించుకోకూడదు. ఒకరికి వాడిన కొనను సరిగా శుద్ధి చేయకుండా ఇంకొకరికి వాడితే రోగాలు అంటుకుంటాయి. చేయించుకున్న తర్వాత ఎండ తగలకుండా కాపాడుకోవాలి. మన పిల్లల్లో ఎంతమందికి అది వీలవుతుంది?

ఒక చెల్లెలికి జరిగినది

కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక అక్కడి తెలుగు, తమిళ కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో ఆ ప్రాంతంవారికి తెలుసు. తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, పని చేసి, రాత్రికి ఇల్లు చేరే బతుకు. అలా వెళ్ళివచ్చే ఒక చెల్లెలి సంగతి ఆమె అనుమతితోనే రాస్తున్నాము. ఊరు, పేరు, ఆనవాళ్ళు చెప్పము.

ఆమెకు ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, ప్రార్థనాపరులు. అబ్బాయి తల్లి అన్నీ మెచ్చుకుని చివర ఒక్క మాట అన్నారట. “అమ్మాయి అన్ని విధాలా బాగుంది. కొంచెం రంగు తక్కువ, అంతే. పెళ్ళినాటికి కాస్త తేలితే చాలు.” ఆ ఒక్క మాట ఆ ఇంట్లో రాళ్ళ వాన కురిపించింది. తల్లి చీటీ ఎత్తి 6 సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టింది. అమ్మాయికి అప్పటికే బుగ్గల మీద మొటిమలున్నాయి. అక్కడ ఎవరూ ఆ సంగతి అడగలేదు. రోజూ స్టేషనుకు ఎండలో నడిచే పిల్ల అని కూడా అడగలేదు. మూడో సిట్టింగు తర్వాత రెండు బుగ్గల మీదా నల్లని మరకలు తేలాయి. అడిగితే, దానికి వేరే ప్యాకేజీ ఉందన్నారు.

ఇక డబ్బు లేదు. పక్కింటివారు మెడికల్ షాపులో దొరికే ఒక ట్యూబు పేరు చెప్పారు. రెండు వారాల్లో ముఖం మెరిసింది. ఇంట్లో అందరూ దేవునికి స్తోత్రం చెప్పారు. రెండు నెలలయ్యేసరికి ముఖం ఎర్రబారింది, మంట మొదలైంది, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. మానేస్తే మంట ఇంకా ఎక్కువ. చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యురాలు చూసి, అది స్టెరాయిడ్ అని చెప్పి, మెల్లమెల్లగా బయటికి తీసుకువచ్చారు. ఆమె మాతో అన్న మాట ఇది: “అయ్యగారూ, మొదట నాకున్నది రంగు ఒక్కటే. ఇప్పుడు రోగం కూడా.”

ఆ సంబంధం నిలిచిందా లేదా అని అడుగుతారేమో. అది మేము చెప్పము. ఎందుకంటే నిలిచినా నిలవకపోయినా ఆ పిల్లకు జరిగిన అన్యాయం ఒకటే.

పార్లర్ తర్వాత మెడికల్ షాపు

ఆ చెల్లెలు నడిచిన దారి చాలామంది నడుస్తున్నారు. పాలిషింగ్‌తో రంగు మారదు కాబట్టి తర్వాతి మెట్టు క్రీము. బీటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ అనేవి స్టెరాయిడ్లు. గజ్జి, తామర అనుకుని, మొటిమలు అనుకుని, తెల్లబడతామనుకుని వీటిని ముఖానికి పూస్తున్నారు. మొదట మెరుపు కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి లోపలి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు వస్తాయి, మానలేని స్థితి వస్తుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ మన వీధి చివర షాపులో అడిగి చూడండి. చాలాచోట్ల ఎవరూ చీటీ అడగరు.

స్టెరాయిడ్ కంటే ప్రమాదకరమైనది పాదరసం. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, చర్మం గుండా ఒంట్లోకి దిగి మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో వైద్యులు 2021 జూలై నుండి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ జబ్బులోని ఒక అరుదైన రకం ఉందని తేలింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే. 10 లక్షల పాళ్ళలో 1 పాలు కంటే ఎక్కువ పాదరసం ఉన్న సౌందర్య సాధనాలను 2020 నాటికి ఆపేయాలని మినమాటా ఒప్పందం కింద ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. అయినా లేబుల్ లేని డబ్బాలు చేతులు మారుతూనే ఉన్నాయి.

కాబట్టి మా విన్నపం. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేని క్రీము ఇంట్లో ఉంటే ఈ రోజే పారేయండి. స్టెరాయిడ్ వాడుతూ ఉంటే సిగ్గుపడకుండా చర్మవైద్యుని కలవండి. ఒక్కసారిగా మానేయకుండా వారు చెప్పినట్టు తగ్గించండి. తెల్లబడే క్రీము వాడినవారికి మూత్రంలో నురగ, కాళ్ళ వాపు కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించండి. వైద్య కళాశాల ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. బళ్ళారి, బరంపురం, షోలాపూరు, చెన్నై, అన్ని చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. పార్లర్ ప్యాకేజీ కంటే ఆ ఓపీ చీటీ మనకు మేలు.

అడుగుతున్నది మనమే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ భయం పిల్లల్లోకి ఎక్కడినుండి వచ్చింది?

కంపెనీలు నేర్పాయి, నిజమే. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మార్కెట్‌లోకి వచ్చింది. నల్లని అమ్మాయికి పెళ్ళి కాదు, ఉద్యోగం రాదు, క్రీము రాసుకుంటే రెండూ వస్తాయి అని తరాల తరబడి టీవీలో చూపించారు. 2005లో మగపిల్లలకు కూడా ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ వచ్చింది. దీనికి ఎదురు నిలిచినవారు లేకపోలేదు. 2009లో చెన్నైలోని విమెన్ ఆఫ్ వర్త్ అనే సంస్థ ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ అనే ప్రచారం మొదలుపెట్టింది. 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నల్లనివారిని తక్కువ చేసి చూపే ప్రకటనలు కూడదని నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము తన పేరులోని ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టుకుంది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మపు రంగునుబట్టి వెతికే ఏర్పాటును తొలగించింది.

డబ్బు కోసం నడిచే కంపెనీలే కనీసం పేరు మార్చుకోవలసి వచ్చింది. మన సంగతేమిటి? మన సంఘాల పెళ్ళి బయోడేటా తీసి చూడండి. ‘రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్న, తెల్లగా ఉండే అమ్మాయి కావలెను.’ రక్షణ, బాప్తిస్మం, తెలుపు. మూడూ ఒకే వరుసలో. మొదటి రెండూ ప్రభువు అడిగినవి. మూడోది ఎవరు అడిగారు?

ఇంకో సంగతి చూడండి. మన సంఘాల్లో చాలాచోట్ల ఆడపిల్లలకు నగలు వద్దు, పూలు వద్దు, అలంకారం వద్దు అని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం తీసి బోధిస్తారు. అంతరంగ స్వభావమే అందం అంటారు. ఆదివారం ఆ ప్రసంగానికి ఆమేన్ అన్న కుటుంబమే సోమవారం పెళ్ళిచూపులకు వెళ్ళి “పిల్ల రంగు తక్కువ” అని లేచి వస్తుంది. ఆడపిల్ల ముఖానికి పౌడరు రాసుకుంటే లోకస్థురాలు, రాసుకోకపోతే నల్లపిల్ల. ఆమె ఏం చేయాలి?

మనలో ఎక్కువమంది ఎక్కడినుండి వచ్చామో కూడా మరిచిపోకూడదు. మన తాతలు గనుల్లో దిగినవారు, చెన్నై వీధులు ఊడ్చినవారు, షోలాపూరు మిల్లుల్లో నేసినవారు, పాలమూరు నుండి ముంబయికి వలస వెళ్ళి ఎండలో కట్టడాలు లేపినవారు. ఊరి బయట నిలబెట్టిన సమాజంలో ‘మీరు దేవుని పిల్లలు’ అన్న మాట విని సంఘంలోకి వచ్చాము. పుట్టుకనుబట్టి మనిషిని కొలవకూడదని ధర్నాలు చేస్తాము, దళిత క్రైస్తవుల హక్కుల కోసం పిటిషన్లు పెడతాము. అదే నోటితో చర్మాన్నిబట్టి కోడలిని కొలుస్తాము. రంగు కూడా పుట్టుకతో వచ్చేదే కదా? మనం మార్చుకోలేని దాన్నిబట్టి మనల్ని తక్కువ చేయడమే కుల వివక్ష. మరి ఇది దానికి చెల్లెలు కాక ఏమిటి?

కొందరు దీనికి జాతి సిద్ధాంతం చెబుతారు. తెల్లనివారు పై జాతి, నల్లనివారు కింది జాతి అని. డాక్టర్ అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో ఆ వాదాన్ని కొట్టిపారేశారు. పంజాబులోని బ్రాహ్మణుడు, పంజాబులోని చమారు ఒకే జాతి మూలంవారని, మద్రాసులోని బ్రాహ్మణుడు, మద్రాసులోని పరయ కూడా అంతేనని ఆయన వాదించారు. మన ఇళ్ళలోనే చూడండి. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్క ఎర్రగా ఉంటుంది, చెల్లి చామనచాయగా ఉంటుంది. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే, కులం ఒకటే, బాప్తిస్మం ఒకటే. సంబంధాలు మాత్రం అక్కకే ముందు వస్తాయి.

వాక్యం ఏమంటుంది

పరమగీతములు మొదటి అధ్యాయంలో ఒక పల్లె పిల్ల మాట్లాడుతుంది. తాను నల్లగా ఉన్నానని చెబుతుంది, అందంగా ఉన్నానని కూడా చెబుతుంది. ఎండ తగిలి ఎందుకు అలా అయిందో చెబుతుంది. అన్నలు కోపగించి ఆమెను ద్రాక్షతోటలకు కావలి పెట్టారు. తనను చిన్నచూపు చూడవద్దని యెరూషలేము పట్నపు కుమార్తెలతో అంటుంది. ఆ నలుపు పని చేసిన ఒంటి నలుపు. మన అమ్మల, అమ్మమ్మల నలుపు. ఆ గ్రంథంలో ఆమెను ప్రేమించినవాడు “ముందు కాస్త తేలు, తర్వాత చూద్దాం” అనలేదు. ఉన్నదున్నట్టు ప్రేమించాడు.

సంఖ్యాకాండము 12వ అధ్యాయంలో ఇంకో కథ ఉంది. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్ళి చేసుకున్నాడు. కూషు ఐగుప్తుకు దక్షిణాన ఉన్న నల్లవారి దేశం. ఆమెనుబట్టి మిర్యాము, అహరోను మోషేకు విరోధంగా మాట్లాడారు. వారి మాటల్లో నాయకత్వం మీద అసూయ కూడా ఉంది. కానీ మొదట ఎత్తిపొడిచింది ఆ కోడలినే. దేవుడు ఎవరి పక్షాన నిలిచాడో, మిర్యాము చర్మం ఏ రంగుకు మారిందో మీరే చదవండి. ఏడు రోజులు పాళెం బయట ఉన్నది ఆ పరాయి కోడలు కాదు, ఆమెను ఆడిపోసుకున్న ఆడపడుచు. ఈ కథను కుష్ఠు ఉన్నవారినో, బొల్లి మచ్చలు ఉన్నవారినో కించపరచడానికి వాడకూడదు. అది ఇంకో వివక్ష అవుతుంది. మనం నేర్చుకోవలసినది ఒకటే. రంగునుబట్టి, దేశాన్నిబట్టి కోడలిని తక్కువ చేసిన నాలుకను దేవుడు చిన్న సంగతిగా తీసుకోలేదు.

ఆదికాండము 3వ అధ్యాయంలో ఆదాము సిగ్గుపడి దాక్కున్నప్పుడు దేవుడు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఆ సంగతి నీకు ఎవరు తెలిపారు అని. సిగ్గు తనంతట తాను పుట్టదు. ఎవరో చెబితే పుడుతుంది. యౌవనులారా, ఈ రోజు అదే ప్రశ్న మీరు మీకు వేసుకోండి. నీకు రంగు తక్కువని చెప్పినదెవరు? నిన్ను చేసినవాడు చెప్పాడా?

పెద్దలూ, ఆదివారపు బడి టీచర్లూ ఒక చిన్న సంగతి గమనించండి. అక్షరాలు లేని రంగుల పుస్తకం పట్టుకుని నలుపు పేజీ చూపి ఇది పాపం, తెలుపు పేజీ చూపి ఇది పరిశుద్ధత అని చెబుతాము. ముందు వరుసలో కూర్చున్న నల్లని పాప తన చేతిని చూసుకుంటుంది. యెషయా మొదటి అధ్యాయం పాపాన్ని నలుపుతో పోల్చలేదు, ఎరుపుతో పోల్చింది. వెలుగు, చీకటి అని చెప్పండి. మురికి బట్ట, ఉతికిన బట్ట అని చెప్పండి. రంగుకు పాపం అంటగట్టవద్దు. మన గోడల మీద లేత రంగు జుట్టుతో కనిపించే యేసు బొమ్మ వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు 1940లో గీసినది. అది ఆయన ఊహ. గలిలయలో ఎండలో నడిచిన వడ్రంగి ముఖం మన ముఖాలకు దగ్గరగానే ఉండి ఉంటుంది.

కొందరు అడిగే ప్రశ్నలు

“ఇష్టం అనేది వ్యక్తిగతం కదా అయ్యగారూ, నాకు తెల్లని అమ్మాయే నచ్చుతుంది” అని ఒక తమ్ముడు అంటాడు. నచ్చడం మీద ఎవరూ చట్టం చేయలేరు. కానీ తమ్ముడూ, నీతో పాటు నీ స్నేహితులందరికీ, నీ అన్నలందరికీ, ఊళ్ళో పెళ్ళికొడుకులందరికీ ఒకే రంగు నచ్చుతున్నప్పుడు అది ఇంకా నీ సొంత ఇష్టమేనా? నేర్పిన ఇష్టాన్ని ఒక్కసారి పరీక్షించుకో. నువ్వూ అద్దంలో చూసుకో. నీకు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు.

“షోరూములో, రిసెప్షన్‌లో ఉద్యోగం కావాలంటే ముఖం మెరవాలి” అని ఒక చెల్లెలు అంటుంది. ఆ బాధ నిజం. పొట్టకూటి కోసం పార్లర్‌కు వెళ్ళే పిల్లను మేము తప్పు పట్టము. తప్పు పట్టవలసినది ఉద్యోగానికి రంగు అడిగే యజమానిని. ఆ అన్యాయం గురించి సంఘాలు, యువజన సమాజాలు మాట్లాడాలి. అంతవరకు ఆమె ఆరోగ్యం చెడకుండా చూసుకునే సమాచారం మనం ఇవ్వాలి.

“మా అమ్మాయి పెళ్ళి ఆగిపోతే మీరు చేస్తారా?” అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ పని ఒక్క ఇంటితో అయ్యేది కాదు. ఒక తల్లి ధైర్యం చేస్తే ఆమె కూతురు మిగిలిపోతుందని భయం. సంఘమంతా కలిసి చేస్తే ఆ భయం ఉండదు.

మనం చేయగలిగినవి

మొదటిది, సంఘాలలో, సహవాసాలలో వాడే పెళ్ళి బయోడేటా నుండి రంగు అన్న గడిని తీసేయాలి. సంఘ పత్రికల పెళ్ళి ప్రకటనల్లో ‘తెల్లని’ అన్న మాట అచ్చు వేయకూడదు.

రెండోది, ప్రధానానికి ప్రార్థన చేయమని రెండు కుటుంబాలు వచ్చినప్పుడు కాపరులు కట్నం గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి. అమ్మాయి రంగు గురించి ఎవరైనా మాట అన్నారా, దానికి డబ్బు ఖర్చు పెట్టించారా? అంటే అక్కడే, ఆ రోజే సరిచేయాలి. పెళ్ళయ్యాక ఆ మాట ఆ పిల్లను ప్రతి రోజూ వెంటాడుతుంది.

మూడోది, యువజన కూటాల్లో ఏడాదికి ఒక్కసారైనా చర్మవైద్యులను పిలిపించి మాట్లాడించాలి. మన సంఘాల్లో డాక్టర్లున్నారు, నర్సులు చాలామంది ఉన్నారు. పాలిషింగ్ గురించి, స్టెరాయిడ్ గురించి, పాదరసం గురించి వారు అరగంటలో చెప్పగలరు. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే షాపుల మీద డ్రగ్ కంట్రోల్ అధికారులకు ఫిర్యాదు రాయడం యువజన సమాజాలు చేయగల పని.

నాలుగోది, పార్లర్‌కు వెళ్ళాలని నిశ్చయించుకున్న అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ఒక మాట. ముందు చర్మవైద్యుని అడగండి. మొటిమలు, వాడుతున్న మందులు దాచకుండా చెప్పండి. కొత్త కొన, శుద్ధి చేసిన కొన వాడమని అడిగే హక్కు మీకుంది. పెళ్ళికి వారం ముందు కొత్త చికిత్స ఏదీ మొదలుపెట్టకండి. తెల్లబడతారని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

ఐదోది, ఇది అమ్మలకు, అత్తలకు. చంటిబిడ్డను ఒళ్ళోకి తీసుకోగానే మన నోట వచ్చే మొదటి మాటేమిటి? “ఎర్రగా పుట్టాడు”, “నాన్న పోలిక, నల్లగా ఉంది.” పుట్టిన గంటలోనే బిడ్డకు కొలత పెట్టేస్తున్నాము. ఆ మాట మానేద్దాం. బిడ్డ బాగుంది, దేవునికి స్తోత్రం అందాం.

ఇవి పెద్ద ఉద్యమాలు కావు. ఏ సంఘమైనా వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పది నిమిషాల్లో మొదటి పని పూర్తి చేయవచ్చు. పెళ్ళి ఫారం తీసుకుని, ‘రంగు’ అని రాసి ఉన్న చోట పెన్నుతో ఒక గీత కొట్టండి. కొట్టిన సంఘాలు మాకు తెలియజేయండి. మిగిలిన సంఘాలకు ధైర్యం వస్తుంది.